మాగ్నెట్ వెనక రాగిపోగు

నేను ఒక బ్యాటరీ లేని మోటారు సైకిల్ని. ఈ మాట వినగానే చాలామంది నన్ను జాలిగా చూస్తారు, ఏదో అవయవం తక్కువైన మనిషిని చూసినట్టు. నిజానికి నాకు తక్కువైందేమీ లేదు. నా నిప్పు నేనే పుట్టించుకుంటాను. కిక్కు కొడితే నా ఇంజను పక్కనున్న ఇనుప చక్రం తిరుగుతుంది. దాని లోపల అయస్కాంతాలుంటాయి. మెకానిక్కులు ఆ చక్రాన్నే మాగ్నెట్ అంటారు. అది తిరిగితే దాని వెనకున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. పాయింట్లు అనే రెండు చిన్న బిళ్ళలు సరైన క్షణంలో విడిపోతాయి. ట్యాంకు కిందున్న కాయిల్ ఆ కరెంటును ఎన్నో రెట్లు పెంచి ప్లగ్గుకు పంపుతుంది. రవ్వ ఎగురుతుంది. అంతే. నాకు తాళంచెవి కూడా లేదు. కాలున్నవాడెవడైనా నన్ను లేపగలడు. ఆపాలంటే హ్యాండిల్ మీద చిన్న బొత్తాం ఉంది. దాన్ని నొక్కితే కరెంటు ప్లగ్గుదాకా పోకుండా నా ఇనుప ఒంట్లోకి దిగిపోతుంది, నేను ఆగిపోతాను.

బ్యాటరీ బండి తీగ తెగితే ఆగుతుంది. నేను తీగ తగిలితే ఆగుతాను. ఈ తేడా ఒక్కటి తెలిస్తే నా గోడు మీకు పూర్తిగా అర్థమవుతుంది.

నన్ను ఉత్తరాదిన ఒక కర్మాగారంలో బిగించారు. ఎవరు బిగించారో నాకు గుర్తులేదు. పుట్టినప్పుడు మంత్రసాని ముఖం ఎవరికి గుర్తుంటుంది. చెక్కపెట్టెలో గడ్డి మధ్య పడుకుని, గూడ్సు బండిలో పదకొండు రోజులు ప్రయాణం చేసి సామర్లకోట స్టేషన్లో దిగాను. నన్ను మొదట కొన్నది ఏలేశ్వరంలో పనిచేసే పశువుల డాక్టరు. మందుల పెట్టె వెనక కట్టి, మన్యం ఊళ్ళన్నీ తిప్పేవాడు. మంచివాడే గాని యంత్రాలంటే అపనమ్మకం. ఎత్తెక్కే ముందు నా ట్యాంకు మీద గేదెను తట్టినట్టు తట్టేవాడు. నేను మొరాయిస్తే ముందు నా నోరు తెరిచి చూడాలనుకున్నాడేమో, పెట్రోలు మూత తీసి లోపలికి తొంగి చూసేవాడు. ఆయనకు బదిలీ అయ్యి కారు కొనుక్కోవడంతో 1979లో నేను చేతులు మారాను.

నన్ను కొన్నది వాసంశెట్టి సూర్యచంద్రం. అప్పుడతనికి ఇరవైరెండేళ్ళు. సామర్లకోటలో చక్కెర మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా కొత్తగా చేరాడు. నన్ను చూడ్డానికి ఒక్కడే రాలేదు, గుబ్బల పోలారావును వెంటబెట్టుకొచ్చాడు. పోలారావుది కూడా అదే వయసు. స్టేషను రోడ్డులో ఒక మెకానిక్కు దగ్గర పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. ఎడమచేతి వాటం మనిషి. ఆ ఎడమ చేత్తోనే నా మూత విప్పి, మాగ్నెట్ ఊడదీసి, లోపలంతా చూసి, "తీసుకోరా చంద్రం. ఇది మనల్ని మోసం చెయ్యదు" అన్నాడు.

ఆ మాట నేను నిలబెట్టుకున్నాను.

నలభై ఏళ్ళు దాటి చంద్రం నన్ను వదల్లేదు. పెళ్ళయిన కొత్తలో భార్య వరహాలమ్మను వెనక కూచోబెట్టుకుని కాకినాడ బీచికి తీసుకెళ్ళాడు. ఇద్దరు కూతుళ్ళను పాఠాలకు, పరీక్షలకు, ఆ తరువాత పెళ్ళిచూపులకు బట్టలు కొనడానికి తిప్పాడు. మిల్లులో రాత్రి మోటారు కాలిపోతే ఎక్కడున్నా నా మీదే పరిగెత్తేవాడు. అతనికి యంత్రమంటే గురి. ఇంటి చుట్టుపక్కల మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఫ్యాన్లు అన్నీ అతని అరుగు మీదికే వచ్చేవి. ఏది బాగుచేసినా చివర ఒక మాట అనేవాడు, తప్పు ఎక్కడుందో తెలిసేదాకా చెయ్యి పెట్టకూడదని.

నా ఒంట్లో మాత్రం ఒక పని పోలారావుకే వదిలేవాడు. మాగ్నెట్‌ను ఊడదీయాలంటే పుల్లర్ అనే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. అది పోలారావు షెడ్డులో ఉండేది. ఏడాదికో రెండేళ్ళకో నన్ను అక్కడికి తోలుకెళ్ళేవాడు. పోలారావు విప్పేవాడు, చంద్రం పక్కన స్టూలు మీద కూచునేవాడు. టీ వచ్చేది. నా పాయింట్ల గురించి మొదలైన మాటలు ఊళ్ళో వాళ్ళందరి మీదికి వెళ్ళి మళ్ళీ నా పాయింట్ల దగ్గరికి వచ్చి ఆగేవి. మనుషులకు స్నేహం చెయ్యడానికి మధ్యలో ఏదో ఒక వస్తువు ఉండాలనుకుంటాను. వాళ్ళిద్దరికీ నేనున్నాను.

చంద్రం పదవీ విరమణ చేసిన ఆరేళ్ళకు కళ్ళ జబ్బు మొదలైంది. ఎదురుగా ఉన్నది బాగానే కనపడేది, పక్కలు చెరిగిపోతూ వచ్చాయి. కాకినాడ డాక్టరు కంట్లో ఒత్తిడి పెరిగిందని, పోయిన చూపు తిరిగి రాదని, బండి నడపడం మానేయాలని చెప్పాడు. చంద్రం ఇంటికొచ్చి వరహాలమ్మతో, చుక్కలు వేసుకుంటే సరిపోతుందన్నారని చెప్పాడు. అబద్ధం ముందు ఆడింది అతనే. ఆ సంగతి నేను దాచను.

నెల తిరక్కుండా కాలవగట్టు మీద అది జరిగింది. ఎడమ పక్క నుంచి సైకిలు మీద వస్తున్న బడిపిల్లను అతను చూడలేదు. నా కాలిమెట్టు ఆ సైకిలు చక్రాన్ని గీసింది. పిల్ల గట్టు మీద పడింది. మోకాలు చెక్కుకుపోయింది, అంతకంటే ఏమీ కాలేదు. రెండడుగులు అటు పడితే కాలవ. చంద్రం నన్ను ఆపి, పిల్లను లేపి, సైకిలు గొలుసు ఎక్కించి ఇచ్చి, ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ పిల్ల తల్లి వరహాలమ్మతో కలిసి డ్వాక్రా సంఘంలో ఉంది. రెండో రోజుకే తెలిసిపోయింది.

వరహాలమ్మ బండి మానేయమని అడిగింది. అతను మాట దాటేశాడు. మళ్ళీ అడిగింది. అతను కోపం తెచ్చుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. పెద్దకూతురు ఫోనులో చెప్పబోతే ఫోను పెట్టేశాడు. మూడో రోజు పొద్దున్నే నన్ను తుడిచి బయటికి తీశాడు, ఇంట్లో ఎవరూ ఏమీ అననట్టే.

ఆ రోజు మధ్యాహ్నం అతను పింఛను కాగితం ఇవ్వడానికి నడిచి బ్యాంకుకు వెళ్ళాడు. అది దగ్గరే గనక నన్ను పెరట్లో చింతకాయల బస్తా పక్కన నీడలో ఉంచాడు. అతను మలుపు తిరగ్గానే వరహాలమ్మ ఫోను చేసింది. పావుగంటలో పోలారావు పనిసంచితో వచ్చాడు.

"ఈ బండి ఆపించెయ్యండి అన్నయ్యగారూ," అంది వరహాలమ్మ. "ఎవరో ఒకరు పోయేదాకా ఈయన ఆగరు."

పోలారావు నా చుట్టూ తిరిగి చూశాడు. తాళం దాచేద్దామంటే నాకు తాళం లేదు. బ్యాటరీ ఊడదీద్దామంటే అదీ లేదు. పెట్రోలు తీసేస్తే గంటలో పోయించుకుంటాడు. ప్లగ్గు పీకితే కొత్త ప్లగ్గు కొంటాడు. అవతల ఉన్నది మిల్లులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసిన ఎలక్ట్రీషియన్. అతనికి దొరకని చోట చెయ్యాలి.

అతను నా మూత విప్పాడు. పుల్లర్ బిగించి మాగ్నెట్ తీశాడు. తీగచుట్ట నుంచి బయటికి వచ్చే తీగ ఒకటి ఆ చుట్టను బిగించిన ప్లేటు కింద వంపు తిరుగుతుంది. ఆ వంపు దగ్గర, పై తొడుగును సూదితో కాస్త చీల్చి, తలవెంట్రుకంత రాగిపోగును లోపలి తీగకు చుట్టాడు. రెండో కొసను ప్లేటు మర కిందికి తీసుకెళ్ళి నా ఒంటికి తాకించాడు. దాని మీద నల్ల టేపు రెండు చుట్లు చుట్టి గ్రీజు రాశాడు. అంతా పది నిమిషాల పని. ఇక నా హ్యాండిల్ మీది బొత్తాన్ని ఎవరో ఎల్లకాలం నొక్కి పట్టుకున్నట్టే.

అంతకుముందు ఎన్నిసార్లో ఆ వేళ్ళు నన్ను విప్పాయి. ఒక్కసారి కూడా నేను బెదరలేదు. ఆరోజు కూడా బెదరలేదు. ఏదో బాగుచేస్తున్నాడనుకున్నాను.

మర్నాడు చంద్రం కిక్కు కొట్టాడు. నేను లేవలేదు. పదిసార్లు కొట్టాడు. ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టి చూశాడు, రవ్వ లేదు. అతనిలో ఆందోళన లేదు, పైగా ఉత్సాహం వచ్చింది. పని దొరికింది గదా. బల్ల మీద నోటు పుస్తకం పెట్టుకుని వరసగా మొదలుపెట్టాడు. కొత్త ప్లగ్గు వేశాడు. కాయిల్ నుంచి ప్లగ్గుకు వచ్చే లావు తీగ మార్చాడు. ఆపే బొత్తాం తీగ ఊడదీసి చూశాడు. నాలాంటి బండికి సగం జబ్బులు అక్కడే. అప్పటికీ రవ్వ లేదు. కాయిల్ తీసి మరో బండికి పెట్టి చూశాడు, బాగానే ఉంది. అంటే తప్పు మాగ్నెట్ వెనక ఉంది. ఇంతవరకు అతని లెక్క ఎక్కడా తప్పలేదు. నన్ను నెట్టుకుంటూ రెండు వీధుల అవతలున్న పోలారావు షెడ్డుకు వెళ్ళాడు.

ఆ రోజు నుంచి ఇరవై రోజులు నేను చూసింది మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. పోలారావు నన్ను విప్పాడు. చంద్రం స్టూలు దగ్గరికి లాక్కుని తొంగి చూడబోతే, నీ కంటికి ఆనవురా, టార్చి పట్టుకో, నేను చూస్తానన్నాడు. చంద్రం టార్చి పట్టుకున్నాడు. ఆ వెలుగులో పోలారావు తన పోగు ఉన్న చోటు ఒక్కటి వదిలేసి, మిగతాదంతా చాలా శ్రద్ధగా వెతికాడు. పాయింట్లు మార్చాడు. పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్ మార్చాడు. తీగచుట్టే మార్చాడు, బయటికి వచ్చే పాత తీగను మాత్రం కొత్త చుట్టకు అలాగే అతికాడు. బిగించారు, కిక్కు కొట్టారు, రవ్వ లేదు. చంద్రం నన్ను ఇంటికి నెట్టుకెళ్ళి, రెండు రోజులాగి తెస్తే మళ్ళీ విప్పారు. మీటరు పెట్టి చూస్తే తీగ ఒంటికి తగిలి ఉన్నట్టు చూపించేది. కానీ బాగున్న బండిలో కూడా తీగచుట్ట రెండో కొస ఒంటికే కలిసి ఉంటుంది గనక మీటరు దాదాపు అలాగే చూపిస్తుంది. చంద్రం ఆ ముల్లు వంక చూసి చూసి తల పట్టుకునేవాడు.

టీ వచ్చేది. తాగేవారు. తప్పు పెట్టినవాడూ తప్పు వెతికేవాడూ ఒకే ప్లేటులో పకోడీలు తినేవారు.

మొదట్లో చంద్రం పోలారావును ఏమీ అనుమానించలేదు. అతను అనుమానించింది తనను. నోటు పుస్తకంలో రాసినవాటి కింద మళ్ళీ గీతలు కొట్టేవాడు. కండెన్సర్ చూశానా లేదా అని వరహాలమ్మను అడిగేవాడు, ఆమెకు కండెన్సర్ అంటే ఏమిటో తెలియకపోయినా. పక్కింటి టీచరుగారు ఇస్త్రీపెట్టె తెచ్చిస్తే అరగంట చేతిలో పట్టుకుని కూచుని, వేరే ఎవరికైనా చూపించుకోండమ్మా, నాకిప్పుడు చేతకావడం లేదని తిరిగి ఇచ్చేశాడు. ఆవిడ వెళ్ళాక వరహాలమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ సాయంత్రమే ఆమె పోలారావుకు ఫోను చేసి, ఇక చాలు, ఆయనకు చెప్పేద్దామంది. పెరట్లో నా పక్కనే నిలబడి మాట్లాడింది. అవతల పోలారావు ఒప్పుకోలేదు. ఇంకో వారం ఆగితే వాడే విసిగి వదిలేస్తాడన్నాడు. మొదట్లోనే చెప్పి ఉంటే సరిపోయేది, ఇన్ని రోజులు పక్కన కూచుని వెతికాక ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పమంటావని అడిగాడు. ఆమె ఫోను పెట్టేసింది. స్నేహితుడి ప్రాణం కాపాడ్డానికి మొదలుపెట్టిన పని, ఇప్పుడు తన పరువు కాపాడుకునే పని అయింది.

మర్నాడు షెడ్డులో చంద్రం మళ్ళీ మొదట్నుంచి చూద్దామన్నాడు. పోలారావు నా మూత మీద చెయ్యి వేసి ఆపాడు. మాటిమాటికీ పుల్లర్ పెడితే మాగ్నెట్ మరలు పోతాయన్నాడు. చంద్రం వినలేదు. ఆ తీగ ఒకటి తాను సరిగ్గా చూడలేదేమోనని అనుమానంగా ఉందన్నాడు. అప్పుడు పోలారావు అన్నాడు.

"వయసైపోయిందిరా చంద్రం. నువ్వు చూశాననుకుంటన్నావు, చూళ్ళేదు. చూళ్ళేదనుకుంటన్నావు, చూసేవు. బుర్ర సహకరించట్లేదు. బండి వదిలెయ్."

చంద్రం తలూపాడు. నేనప్పటిదాకా రాగిపోగును ఓర్చుకున్నాను. అది బండిని ఆపింది, అంతే. ఈ మాట మనిషిని ఆపింది. పోలారావు ముఖం చూస్తే, ఆ మాట నోటినుంచి జారిపోయాక వెనక్కి తీసుకుందామనుకున్నట్టే కనిపించింది. తీసుకోలేదు.

చంద్రం నన్ను నెట్టుకుంటూ ఇంటికి తెచ్చి గుడ్డ కప్పాడు. నాలుగు రోజులు నా వైపు రాలేదు. అయిదో రోజు పొద్దున బస్సెక్కి పెద్దాపురం వెళ్ళాడు. అక్కడ లేతు మిషను మీద నా కొలతకు ఒక పుల్లర్ తయారుచేయించుకొచ్చాడు. వరహాలమ్మ ఎందుకని అడిగితే, ఒకసారి మొదట్నుంచి చివరిదాకా తన చేత్తో తాను చూసుకుంటే గాని తనకు మతి పోయిందో లేదో తెలియదన్నాడు. అందులోనూ దొరక్కపోతే ఇక ఎవరి వస్తువూ ముట్టుకోనన్నాడు. అంటే ఆ రోజు బల్ల మీద పరీక్షకు కూచున్నది నేను కాదు.

పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాడు. మాగ్నెట్ ఊడదీశాడు. ఈసారి మీటరు మోసం చేసే అవకాశం ఇవ్వలేదు. తీగచుట్ట ఒంటికి కలిసే కొసను టంకం కరిగించి విడదీశాడు. పాయింట్ల మధ్య కాగితం ముక్క పెట్టాడు. కండెన్సర్ తీగ విప్పాడు. ఇప్పుడు ఆ తీగ ఎక్కడా నా ఒంటికి తగలకూడదు. మీటరు పెట్టాడు. ముల్లు కదిలింది.

అతను మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కదిలింది. అన్నీ విడదీశాక కూడా తగులుతోందంటే తప్పు ఆ తీగలోనే ఉంది. కళ్ళతో చూడ్డం మానేసి బొటనవేలు తీగ మీద పెట్టి మెల్లగా జార్చుకుంటూ వచ్చాడు. వంపు దగ్గర వేలు ఆగింది. గ్రీజు తుడిచాడు. టేపు తగిలింది. దాని చివర్న వెంట్రుకలా ఒకటి గుచ్చుకుంది.

అతని ముఖంలో వచ్చిన సంతోషం నేను కాకినాడ బీచి రోజుల తరువాత చూడలేదు.

"వరాలూ, దొరికింది," అని పిలిచాడు. "నా బుర్ర బానే ఉంది."

వరహాలమ్మ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏం దొరికిందని అడగలేదు. అతను టేపు విప్పుతూ, ఏ కొత్త కుర్రాడో ఎక్కడో కెలికాడేమో అంటూ ఏదో చెప్పబోయి మధ్యలో ఆగాడు. టేపు విప్పుతున్న వేలు కుడి నుంచి ఎడమకు పోవడానికి బదులు ఎడమ నుంచి కుడికి తిరుగుతోంది. ఎడమచేతి వాటం మనిషి చుట్టిన చుట్టు. లోపల రాగి ఇంకా కొత్త పైసాలా మెరుస్తోంది. నలభై ఏళ్ళుగా ఆ మూత విప్పిన ఎడమచెయ్యి ఒకటే.

అతను తలెత్తి భార్యను చూశాడు. ఆమె ముఖంలో మిగతాది కనపడింది.

"నీకు తెలుసా?"

"నేనే అడిగేనండి," అంది వరహాలమ్మ. "ఆ పిల్ల కాలవలో పడుంటే ఏం చేసేవాళ్ళం మనం?"

అతను మీటరు పక్కన పెట్టాడు. డాక్టరు ఏమన్నాడో అప్పుడు చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. బండి తొక్కకూడదన్న సంగతి తనకూ తెలుసన్నాడు. ఆ పిల్ల రోజూ కళ్ళముందు పడుతూనే ఉందన్నాడు. తరువాత రాగిపోగును వేలికి చుట్టుకుంటూ, "బండి ఆపమని అడిగేవు. బానే ఉంది. నన్ను పిచ్చోణ్ణి చెయ్యమని కూడా అడిగేవా?" అన్నాడు.

ఆమె లేదంది. ఏడ్చింది. ఆ ఇస్త్రీపెట్టె రోజే చెప్పేద్దామనుకున్నానని చెప్పింది. అతను విన్నాడు. నమ్మాడో లేదో గాని విన్నాడు. తరువాత తీగకు కొత్త తొడుగు వేసి, అన్నీ కలిపి, మాగ్నెట్ బిగించి, కిక్కు కొట్టాడు. మొదటి కిక్కుకే లేచాను. అతను అర నిమిషం విని బొత్తాం నొక్కి ఆపేశాడు. నా మీదికి ఎక్కలేదు. నెట్టుకుంటూ బయల్దేరాడు.

పోలారావు షెడ్డులో ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళున్నారు. చంద్రం నన్ను వాళ్ళ మధ్య నిలబెట్టి కిక్కు కొట్టాడు. నా చప్పుడు వినగానే లోపల చక్రం సరిచేస్తున్న పోలారావు తల తిప్పకుండా అలాగే ఉండిపోయాడు. తరువాత లేచి వచ్చాడు. చంద్రం అతని ఎడమ అరచేతిలో ఆ పోగు పెట్టాడు.

"ఏ పిల్లో చచ్చిపోద్దని చెల్లెమ్మ ఏడిసిందిరా," అన్నాడు పోలారావు. "నీ మంచికే చేసేను."

"బండి ఆపినందుకు కాదురా," అన్నాడు చంద్రం. "పక్కన కూచుని నాతోపాటు ఎతికేవు చూడు, అందుకు."

పోలారావు ఏదో అనబోయాడు. చంద్రం ఆగలేదు. వెళ్ళబోతూ నా హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు, పట్టుకుంటాడనుకున్నాను. "ఇది నీ దగ్గరే ఉంచు. నేను తొక్కను," అని చెయ్యి తీసేశాడు. వీధి చివరిదాకా ఒక చెయ్యి గోడకు ఆనించుకుంటూ నడిచి వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

పోలారావు నాకు చేసింది నాకు అర్థమైంది. చంద్రం చేసింది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. నేనేం చేశాను? నా లోపల పోగు పెడితే మూగగా భరించాను, అతని బొటనవేలు తగలగానే దొరికాను, మొదటి కిక్కుకే లేచాను. అయినా నన్ను గాయపరిచిన చేతికే అప్పగించి వెళ్ళాడు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నందుకు, వాళ్ళిద్దరూ విడిపోతే నాకు ఎవరి దగ్గరా చోటు లేకుండా పోయింది. మనుషులు ఒకరి మీద ఒకరికున్న కోపాన్ని వస్తువుల మీద తీర్చుకుంటారు, వస్తువులకు బాధ ఉండదని వాళ్ళ నమ్మకం గనక.

పోలారావు నన్ను అమ్మలేదు. అడిగినవాళ్ళుంటే ఇది నాది కాదనేవాడు. నా మీద ఎక్కి ఎక్కడికీ వెళ్ళలేదు కూడా. రోజూ ఉదయం ఎనిమిదింటికి షెడ్డు తెరిచి, ముందు నన్ను తుడిచి, ఒక్క కిక్కు కొట్టి, రెండు నిమిషాలు నడవనిచ్చి ఆపేవాడు. ఆ చప్పుడు రెండు వీధుల అవతలికి వినపడుతుందని అతనికి తెలుసు. చంద్రం మళ్ళీ అరుగు మీద పని మొదలుపెట్టాడని, టీచరుగారి ఇస్త్రీపెట్టె తనే అడిగి తెప్పించుకుని బాగుచేశాడని వచ్చేపోయేవాళ్ళు చెప్పుకునేవారు. బజారుకు వెళ్ళాలంటే మాత్రం షెడ్డు ముందునుంచి కాకుండా రైలుగేటు చుట్టూ తిరిగి వెళుతున్నాడని కూడా చెప్పుకునేవారు. ఒకసారి పోలారావు వాళ్ళింటికి వెళ్ళాడు. వరహాలమ్మ కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. చంద్రం లోపలి గదిలోంచి రాలేదు. పోలారావు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వచ్చి నా పక్కనున్న స్టూలు మీద కూచున్నాడు.

అలా ఏడాది గడిచింది.

మొన్న వానాకాలం ముగిశాక ఒక పొద్దున పోలారావు నన్ను తుడిచి, కిక్కు కొట్టకుండా ఆగిపోయాడు. పుల్లర్ తెచ్చుకోలేదు. మాగ్నెట్‌కు ఉన్న చిన్న కిటికీలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి, నా పాయింట్ల మర వదులు చేసి, వాటి మధ్య ఎడం కొద్దిగా పెంచి, మళ్ళీ బిగించాడు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. కిక్కు కొడితే లేచాను గాని నా నడక మారిపోయింది. రవ్వ ఎగరాల్సిన క్షణానికంటే ముందే ఎగురుతోంది. నాలుగు దెబ్బలకో తడబాటు. చెవులున్న ఎవడికైనా అది రోగమని తెలుస్తుంది. రెండు నిమిషాలు కాదు, అయిదు నిమిషాలు నడవనిచ్చాడు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఆ మూడో రోజు కిక్కు ఎదురుతన్ని అతని పిక్క మీద తగిలింది. కుంటుకుంటూ వెళ్ళి కూచున్నాడు గాని నన్ను సరిచేయలేదు.

నాలుగో రోజు నేను తడబడుతూ నడుస్తుండగానే షెడ్డు ముందు ఎవరో ఆగారు. చేతికర్ర ముందు కనపడింది. చంద్రం. చూపు ఇంకా తగ్గినట్టుంది, నేనున్న చోటు తెలుసుకోవడానికి తల అటూ ఇటూ తిప్పాడు. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి విన్నాడు. పోలారావు స్టూలు మీంచి లేవబోయి, లేస్తే వెళ్ళిపోతాడేమోనని భయపడ్డట్టు, సగం లేచి అలాగే ఉండిపోయాడు.

నా నడక పది పన్నెండు దెబ్బలు విన్నాక చంద్రం అన్నాడు.

"పాయింట్ల గ్యాపు పెంచేవు."

పెరిగింది అనలేదు. పెంచేవు అన్నాడు.

పోలారావు పూర్తిగా లేచి నిలబడ్డాడు. వానకు, తుప్పుకు, అరుగుదలకు, వేటికైనా ఆ తప్పు అంటగట్టవచ్చు. అతనికి అవన్నీ నోటికి వచ్చు.

"అవున్రా," అన్నాడు. "నేనే పెంచేను."

చంద్రం కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. అతని ముఖంలో కోపం తగ్గిందో లేదో నేను చెప్పలేను. నా వైపు ఒక్కసారి కూడా చెయ్యి చాపలేదు.

"తగ్గించుకో," అన్నాడు చివరికి. "కిక్కు గట్టిగా ఎదురుతంతే కాలిరుగుద్ది. ఈ వయసులో అతకదు."

కర్రతో నేల తడుముకుంటూ వెళ్ళిపోయాడు, రైలుగేటు వైపే. పోలారావు వెంటపడలేదు, పిలవలేదు. ఆ కర్ర చప్పుడు వినపడినంతసేపూ నా ఇంజను ఆపి కూచున్నాడు.